మొదటి గంటలో వచ్చేది మీరే!

భూకంప సన్నద్ధతలో విద్యార్థి వాలంటీర్లు చేయగలిగింది ఏమిటి? ఆ పని కెరియర్‌కు ఎంతవరకు కలిసొస్తుంది?

2024 డిసెంబరు 4, బుధవారం. ఉదయం 7.27. మీలో కొందరు అప్పటికి హాస్టల్ మెస్‌లో టిఫిన్ లైన్లో నిలబడి ఉంటారు. కొందరు ఇంకా దుప్పట్లోంచి బయటికి వచ్చి ఉండరు. కొన్ని సెకన్లపాటు మంచం ఊగింది, గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో, దాదాపు 40 కిలోమీటర్ల లోతున వచ్చిన భూకంపం అది. వరంగల్, ఖమ్మం, హైదరాబాద్, అటు విజయవాడ దాకా తెలిసింది. 1969లో భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం తర్వాత ఈ ప్రాంతంలో ఇంత గట్టిగా కదలడం మళ్లీ ఇదే. అదృష్టం, ప్రాణనష్టం లేదు.

ఆ రోజు మీరేం చేశారో గుర్తుందా? చాలామంది బయటికి పరుగెత్తారు. ఊగుతున్న ఫ్యాన్‌ను వీడియో తీసినవాళ్లున్నారు. 'మీ దగ్గరా వచ్చిందా?' అని గ్రూపులో మెసేజ్ పెట్టనివాళ్లు బహుశా ఎవరూ లేరు. అందులో తప్పేం లేదు. కానీ ఇంకో ప్రశ్న. అదే పొద్దున పక్కింటి కప్పు కూలి, ఒక పెద్దాయన కాలు దూలం కింద ఇరుక్కుపోయి ఉంటే? 108కి ఫోన్ చేస్తారు, సరే. అంబులెన్స్ వచ్చేలోపు ఏం చేయాలో, అంతకన్నా ముఖ్యంగా ఏం చేయకూడదో మీకు తెలుసా?

ఎందుకు అడగాల్సి వస్తోందంటే, మొదటి గంటలో అక్కడ ఉండేది మీరే. తెలుగు రాష్ట్రాలను చూసే జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ కేంద్రం గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉంది. వాళ్ల నైపుణ్యానికి తిరుగులేదు. కానీ జనగామ జిల్లా తరిగొప్పుల లాంటి మండలంలో ఓ పల్లెకు రావాలంటే, హైదరాబాద్ నుంచి బయల్దేరిన బృందానికైనా గంటలు పడుతుంది. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబేను కుదిపేసిన భూకంపంలో శిథిలాల నుంచి ప్రాణాలతో బయటపడ్డవారిలో ఎక్కువమందిని తీసింది ఇంటివాళ్లు, ఇరుగుపొరుగువాళ్లే. అంత వ్యవస్థ ఉన్న జపాన్‌లోనే పరిస్థితి అది. మన ఊళ్లో వయసులో ఉన్నది, ఫోన్ చక్కగా వాడగలిగింది, పరుగెత్తగలిగింది ఎవరు? పొద్దున్నే బస్సెక్కి జనగామలో డిగ్రీ కాలేజీకి వెళ్లొచ్చే మీరే కదా.

'మా దగ్గర రాదులే'

ఈ మాట తరచూ వినిపిస్తుంది. దానికి ఆధారం లేకపోలేదు. చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్న భూకంప మ్యాప్ ప్రకారం తెలంగాణలో ఎక్కువ భాగం రెండో జోన్‌లో, అంటే తక్కువ ప్రమాదం ఉన్న కోవలో ఉంది. గోదావరి వెంట ఉన్న ప్రాంతాలు మూడో జోన్‌లోకి వస్తాయి. గోదావరి లోయ కింద భూమి పొరల్లో ఎప్పటివో పగుళ్లున్నాయి. అప్పుడప్పుడూ అవి కదులుతుంటాయి. ములుగు, భద్రాచలం ఆ దారిలోనివే.

అయితే ఒక్కసారి మన పొరుగునే ఉన్న లాతూరు జిల్లా కిల్లారి వైపు చూడండి. 1993 నాటికి ఉన్న మ్యాప్‌లో ఆ ప్రాంతం ఒకటో జోన్. అంటే దేశంలోనే అతి తక్కువ ప్రమాదం ఉన్న చోటు. ఆ ఏడాది సెప్టెంబరు 30న, వినాయక నిమజ్జనం ముగించుకుని జనం ఆదమరిచి నిద్రపోతున్నారు. తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా 6.2 తీవ్రతతో భూమి కంపించింది. దాదాపు 10 వేల మంది చనిపోయారు. ఆ తర్వాత, 2002లో సవరించిన మ్యాప్‌లో ఒకటో జోన్ అనేదే తీసేశారు.

6.2కీ 5.3కీ తేడా ఒక్క అంకె కూడా లేదు కదా అనిపించొచ్చు. తీవ్రత ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన కిల్లారిది ములుగుకు 22 రెట్లు పైనే. పైగా భూమికి చాలా దగ్గరగా పుట్టింది. అయినా అంతమందిని చంపింది భూమి ఒక్కటే కాదు, ఇళ్లు. గుండ్రాళ్లను మట్టితో పేర్చి కట్టిన మందపాటి గోడలు, వాటి మీద ఎండ తగలకుండా వేసిన బరువైన మట్టి కప్పులు. గోడ లోపలి వరస, బయటి వరస వేర్వేరుగా నిలబడి ఉంటాయి. రెండింటినీ కలిపి పట్టే పొడవాటి రాయి మధ్యలో ఉండదు. ఊపు రాగానే గోడ రెండుగా విచ్చుకుంది, కప్పు నేరుగా నిద్రపోతున్నవాళ్ల మీద పడింది. ఇప్పుడు మీ ఊళ్లో తాతల నాటి ఇళ్లు గుర్తుచేసుకోండి. అన్నీ అలాగే ఉండవు, కొన్ని మాత్రం ఉంటాయి. ఎన్ని ఉన్నాయి, ఎవరివి, వాటిలో ఎవరు పడుకుంటున్నారు? పంచాయతీ రికార్డుల్లో ఇంటి నంబరు, పన్ను బకాయి ఉంటాయిగానీ ఈ సంగతి ఉండదు.

విద్యార్థి వాలంటీరు అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

నోట్‌బుక్, టేపు, ఓపిక

సినిమాల వల్లో ఏమో, విపత్తు సేవ అంటే శిథిలాల్లోంచి పసిబిడ్డను ఎత్తుకొచ్చే దృశ్యమే మనకు గుర్తొస్తుంది. నిజానికి ఎక్కువ ప్రాణాలు కాపాడే పని చూడ్డానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. ఇల్లిల్లూ తిరగడం, రాసుకోవడం.

భవనాన్ని బయట నుంచి చూసి బలహీనతలు గుర్తించే పద్ధతి ఒకటుంది. ర్యాపిడ్ విజువల్ స్క్రీనింగ్ అంటారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని ఎర్త్‌క్వేక్ ఇంజినీరింగ్ రిసెర్చ్ సెంటర్ ఇలాంటి సర్వేలపై పనిచేసింది. ఒక్కో భవనానికి పెద్ద సమయం పట్టదు. గోడ దేనితో కట్టారు? కప్పు పెంకులా, రేకులా, స్లాబా? ఎన్ని అంతస్తులు? కింద అంతా పార్కింగ్ కోసం పిల్లర్లతో ఖాళీగా వదిలేశారా? మూలల్లో నిలువు పగుళ్లున్నాయా? బాల్కనీ మరీ ముందుకు వచ్చిందా? ఇవన్నీ ఫారంలో టిక్ పెట్టేవే. సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులు తోడుంటే మంచిది. లేకపోతే ఒక లెక్చరర్‌తో రెండు పూటలు శిక్షణ పెట్టించుకుని బీఏ, బీకాం వాళ్లూ చేయగలరు. మీరు తీర్పు చెప్పడం లేదు, 'ఈ ఇంటిని ఇంజినీరు చూడాలి' అని గుర్తు పెడుతున్నారంతే.

దాంతోపాటే ఇంకొన్ని రాసుకోండి. మంచం దిగలేని పెద్దవాళ్లున్న ఇళ్లేవి, గ్యాస్ సిలిండర్ ఎక్కడ, కరెంటు మెయిన్ ఎక్కడ, గల్లీ చివర జనం గుమిగూడగలిగే ఖాళీ జాగా ఏది. ఈ జాబితా ఒక కాపీ పంచాయతీ కార్యదర్శికి, ఒకటి మండల ఆఫీసుకు ఇవ్వండి. విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టర్ అధ్యక్షతన విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది. మీ కాగితం ఆ దాకా వెళ్లాలంటే కాలేజీ ద్వారా పంపడం మేలు. వెంటనే స్పందన వస్తుందనుకోకండి. అడుగుతూ ఉండాలి.

ఇంకో పని ఈ మధ్య ప్రతి ఊళ్లోనూ దొరుకుతోంది. ఇందిరమ్మ ఇళ్లు కడుతున్నారు కదా. 5 లక్షల సాయంతో కట్టే ఆ ఇల్లు ముప్పై నలభై ఏళ్లు నిలబడాలి. లింటెల్ స్థాయిలో ఇంటి చుట్టూ తెగకుండా కాంక్రీటు బ్యాండ్ వేస్తే నాలుగు గోడలూ ఒక పెట్టెలా కలిసి కదులుతాయి. లేకపోతే ఏ గోడకు ఆ గోడే. పిల్లర్‌లో రింగుల కొనలను 135 డిగ్రీలు లోపలికి వంచాలి. తొందరలో 90 దగ్గరే వదిలేస్తుంటారు. ఊపు వస్తే అవి విచ్చుకుంటాయి. ఇంత చిన్న విషయానికి అదనంగా అయ్యే ఖర్చు నామమాత్రం. కాకపోతే మేస్త్రీకి పాఠం చెబుతున్నట్టు వెళ్లారో, పని చెడుతుంది. 'అన్నా, ఈ రింగు ఇట్ల వంచితే ఏమైతది?' అని అడగండి. ఆయనకు తెలిసింది చెబుతాడు, మీకు తెలిసింది మీరు చెప్పండి. ముప్పై ఏళ్లుగా ఇళ్లు కడుతున్న మనిషి ఆయన.

పరుగెత్తాలా, దాక్కోవాలా?

డ్రిల్ చేయించేటప్పుడు మీకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. పాఠ్యపుస్తకం జవాబు: కిందికి వంగు, బల్ల కింద దూరు, గట్టిగా పట్టుకో. స్లాబు వేసిన కాలేజీ భవనంలో, అపార్ట్‌మెంట్‌లో ఇదే సరైనది. ఊగుతుండగా మెట్ల మీద పరుగెత్తడమే ఎక్కువ ప్రమాదం. బరువైన కప్పున్న మట్టింట్లో మాత్రం ఈ సూత్రాన్ని గుడ్డిగా చెప్పకండి. తలుపు రెండడుగుల్లో ఉండి, బయట నిజంగా ఖాళీ జాగా ఉంటే వెంటనే బయటపడటమే నయం.

'నిజంగా ఖాళీ' అని ఎందుకు అనాల్సి వచ్చిందంటే, గుజరాత్‌లోని అంజార్ కథ ఉంది. 2001 జనవరి 26 ఉదయం, గణతంత్ర దినోత్సవ ర్యాలీలో పిల్లలు ఇరుకు వీధి గుండా నడుస్తున్నారు. 8.46కి 7.7 తీవ్రతతో భూమి కదిలింది. రెండు వైపులా భవనాలు వీధిలోకి కూలాయి. 185 మంది విద్యార్థులు, 20 మంది టీచర్లు అక్కడే చనిపోయారు. వాళ్లంతా 'బయటే' ఉన్నారు. మీ పాత బజారు గల్లీలో డ్రిల్ చేయించేటప్పుడు, బయటికి అంటే ఎక్కడికో వేలు పెట్టి చూపించండి.

ఇప్పుడు దూలం కింద పెద్దాయన దగ్గరికొద్దాం. కాలు నలిగి గంటల తరబడి బరువు కింద ఉంటే, ఆ కండరాల్లో విషపదార్థాలు పేరుకుంటాయి. హఠాత్తుగా బరువు ఎత్తేస్తే అవి ఒక్కసారిగా రక్తంలో కలిసి గుండె, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి, బయటికి తీసిన కాసేపటికే చనిపోయిన సందర్భాలు ఇందువల్లే. ఇప్పుడే ఇరుక్కుంటే, సురక్షితంగా ఎత్తగలిగితే తీసేయొచ్చు. చాలాసేపు అయిపోతే వైద్య సిబ్బంది వచ్చేదాకా ఆగాలి. ఎన్ని గంటలకు ఇరుక్కున్నాడో రాసిపెట్టి వాళ్లకు చెప్పాలి. మెడ, వెన్నుకు దెబ్బ తగిలినట్టు అనుమానం ఉంటే కదపకూడదు. సగం కూలిన ఇంట్లోకి శిక్షణ లేకుండా అసలు దూరకూడదు. వెనకే మళ్లీ ప్రకంపనలు వస్తాయి. మిమ్మల్ని తీయడానికి ఇంకొకరు కావాల్సివస్తుంది.

మరి వాలంటీర్లు చేసేదేంటి? న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2010 సెప్టెంబరులో భూకంపం వచ్చినప్పుడు కాంటర్‌బరీ యూనివర్సిటీ విద్యార్థి సామ్ జాన్సన్ ఫేస్‌బుక్‌లో ఒక పేజీ తెరిచాడు. 2011 ఫిబ్రవరిలో 185 మందిని బలిగొన్న రెండో భూకంపం నాటికి అది వేలమంది 'స్టూడెంట్ వాలంటీర్ ఆర్మీ' అయింది. వాళ్లు కూలిన భవనాల జోలికి వెళ్లలేదు. భూమిలోంచి ఉబికొచ్చి ఇళ్లు, వీధులు నింపేసిన బురదను పారలతో ఎత్తిపోశారు. ఎవరికి ఏ వీధి, ఎన్ని పారలు, భోజనం ఎక్కడ అన్నీ పక్కాగా రాసుకుని చేశారు. కోబేలో దీనికి ముందు భాగం కనిపిస్తుంది. ఏడాది కాలంలో 13 లక్షలకు పైగా వాలంటీర్లు వచ్చారని అంచనా. చాలామందికి అదే మొదటిసారి. ఏం చేయాలో తెలియక వచ్చినవాళ్లకు పని పంచడమే అధికారులకు పెద్ద పని అయింది. జపాన్ అప్పుడు నేర్చుకుంది. ఏటా జనవరి 17ను విపత్తు నివారణ, వాలంటీర్ల దినంగా పాటిస్తోంది.

మన దగ్గర ఇంకో పని తప్పకుండా ఉంటుంది. పుకార్లు. 2025 ఏప్రిల్‌లో రామగుండం పరిసరాల్లో పెద్ద భూకంపం రాబోతోందని ఫోన్లన్నీ హోరెత్తాయి. ఫలానా రోజు ఫలానా చోట వస్తుందని చెప్పగల శాస్త్రం ప్రపంచంలో ఇంకా ఎవరి దగ్గరా లేదు. మీ ఇంటి గ్రూపులో ఆ మెసేజ్ పెట్టిన బాబాయికి ఈ ఒక్క ముక్క మర్యాదగా చెప్పడం కూడా సేవే. జాతీయ భూకంప అధ్యయన కేంద్రం వారి 'భూకంప్' యాప్ పెట్టుకుంటే వచ్చిన భూకంపం వివరాలు నేరుగా తెలుస్తాయి. మీకు ఎలా అనిపించిందో మీరూ తెలియజేయొచ్చు. శాస్త్రవేత్తలకు అది పనికొచ్చే సమాచారం.

ఎక్కడ చేరాలి?

మీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ ఉంటే అక్కడే మొదలుపెట్టండి. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఆ ఏడు రోజులూ మొక్కలు నాటి, రోడ్డు ఊడ్చి ఫొటోలు దిగడంతో సరిపెట్టే యూనిట్లున్నాయి, మీకూ తెలుసు. ఈసారి శిబిరంలో రెండు రోజులు ఇళ్ల సర్వేకు, ఒక రోజు ప్రథమ చికిత్సకు కేటాయిద్దామని ప్రోగ్రాం ఆఫీసర్‌ను అడగండి. ప్లాన్ రాసుకుని వెళ్తే కాదనేవాళ్లు తక్కువ.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే 'ఆపద మిత్ర' పథకంలో 18 నుంచి 40 ఏళ్లవారికి 12 రోజుల శిక్షణ ఇచ్చారు. దానికి కొనసాగింపుగా వచ్చిన 'యువ ఆపద మిత్ర' ప్రత్యేకంగా ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, నెహ్రూ యువ కేంద్రాలు, స్కౌట్స్ అండ్ గైడ్స్ యువత కోసమే. దేశంలో 315 జిల్లాల్లో 2.37 లక్షల మందికి శిక్షణ లక్ష్యం. మీ జిల్లా ఉందో లేదో కలెక్టరేట్‌లోని విపత్తు నిర్వహణ విభాగంలో గానీ, ఎన్‌ఎస్‌ఎస్ ఆఫీసర్ దగ్గర గానీ కనుక్కోండి. 'మై భారత్' పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఇలాంటి అవకాశాలు కనిపిస్తుంటాయి. రెడ్‌క్రాస్ శాఖల్లో ప్రథమ చికిత్స నేర్పుతారు. విపత్తు నిర్వహణ పేరుతో వేలకు వేలు కట్టించుకుని రెండు రోజుల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే ప్రైవేటు కోర్సులకు మాత్రం దూరంగా ఉండండి. అవి ఎక్కడా చెల్లవు.

ఉద్యోగం సంగతి

సూటిగా చెప్పాలంటే, వాలంటీరు సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. నేరుగా లెక్కలోకి వచ్చేవి కొన్నే. ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్ నియామకాల్లో ఎన్‌సీసీ సి సర్టిఫికెట్‌కు గరిష్ఠ మార్కుల్లో 5 శాతం, బికి 3, ఎకి 2 శాతం అదనంగా కలుపుతారు. విపత్తు దళంలో చేరాలనుకునేవాళ్లకు దారి కూడా అటువైపే. ఎన్‌డీఆర్‌ఎఫ్ బయటి నుంచి నేరుగా తీసుకోదు, కేంద్ర సాయుధ బలగాల నుంచి డిప్యుటేషన్‌పై తీసుకుంటుంది. అమ్మాయిలు ఇది మాకు కాదనుకోవద్దు. 2023లో తుర్కియే భూకంపానికి వెళ్లిన భారత బృందంలో మహిళా సిబ్బంది ఉన్నారు.

చదువు వైపు చూస్తే దారులు పెరుగుతున్నాయి. హైదరాబాద్‌లో 1961 నుంచి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. ఉస్మానియాలో జియోఫిజిక్స్ ఉంది. కొత్తగూడెంలో 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ వచ్చింది. జియాలజీ, జియోఫిజిక్స్ పీజీ చేసినవాళ్లకు యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంటుంది. ఆర్ట్స్ విద్యార్థులకు ముంబయి టిస్‌లో డిజాస్టర్ మేనేజ్‌మెంట్ పీజీ ఉంది. అక్కడ మీరు ఊళ్లో చేసిన సర్వే గురించి చెప్పడానికి మాటలు వెతుక్కోనవసరం లేదు.

మామూలు ప్రైవేటు ఉద్యోగానికి వెళ్లినా పనికొచ్చేది ఇదే. రెజ్యుమెలో 'సామాజిక సేవపై ఆసక్తి' అని రాస్తే ఎవరూ దాని మీద ప్రశ్న అడగరు. దానికి బదులు ఎన్ని ఇళ్లు సర్వే చేశారు, ఎంతమంది బృందం, ఎన్ని ఇళ్లను ఇంజినీరు చూడాలని గుర్తించారు, జాబితా ఎవరికి ఇచ్చారు, తర్వాత ఏమైంది, ఇవి రెండు లైన్లలో రాయండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అక్కడే ఆగుతారు. 'ఇంట్లోకి రానివ్వనివాళ్లను ఎలా ఒప్పించారు?' అని అడుగుతారు. ఆ జవాబు కోచింగ్ సెంటర్లో దొరకదు. అంకెలు మాత్రం పెంచి రాయకండి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

శిక్షణకైనా సర్వేకైనా వెళ్లే రోజు చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. నీళ్ల సీసా, కాలేజీ ఐడీ కార్డు, ప్రిన్సిపల్ సంతకం ఉన్న లెటర్ దగ్గర ఉంచుకోండి. ముగ్గురి బృందంలో ఒక్క అమ్మాయైనా ఉంటే పగటిపూట ఆడవాళ్లే ఉన్న ఇళ్లలో పని తేలిగ్గా సాగుతుంది. ఆదివారం పొద్దున పది దాటితే జనం పొలాల్లోనో, జనగామ బజారులోనో ఉంటారు. ఏడింటికే వెళ్లండి.